వట్టి చేతులతో పంపవద్దు

ఎలీషా దినాల్లో ఒక విధవరాలి ఇంట నూనె పొంగిన సంగతి మన సంఘాల్లో ఎరుగని వారుండరు. సండే స్కూలు పిల్లలు సైతం ఆ కథ చెప్పగలరు. చిన్న నూనె కుండ, ఇరుగుపొరుగు దగ్గర అరువు తెచ్చిన పాత్రలు, తలుపు మూసుకుని ఆ తల్లీ బిడ్డలు నింపిన నూనె - ఆశీర్వాద కూడికల్లో దీని మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. అయితే ఆ కథ నూనెతో మొదలు కాలేదు, అప్పుతో మొదలైంది. భర్త చనిపోయాడు. అతడు దైవభక్తి గలవాడే, ప్రవక్తల శిష్యుల్లో ఒకడే. అయినా అప్పు మిగిలింది. అప్పిచ్చినవాడు ఆమె ఇద్దరు కొడుకులనూ దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు (2 రాజులు 4:1-7). ఆ తల్లి ప్రవక్త దగ్గర మొరపెట్టుకున్నది ఐశ్వర్యం కోసం కాదు, తన పిల్లల విడుదల కోసం.

ఇది దాదాపు 2,800 ఏళ్ళ కిందటి మాట. కానీ ఆ అప్పులవాడు ఇంకా బీదల గుమ్మం విడిచి పోలేదు.

2025 మే నెలలో పత్రికల్లో వచ్చిన ఒక వార్త మనలో చాలామంది చదివే ఉంటారు. తిరుపతి జిల్లాలో ఒక యానాది కుటుంబం బాతులు పెంచే యజమాని దగ్గర 25 వేల రూపాయలు అప్పు తీసుకుని పనిలో కుదిరింది. భర్త చనిపోయాడు. ఇక ఇక్కడ ఉండలేం, వెళ్ళిపోతాం అని ఆ విధవరాలు అంటే, వడ్డీతో కలిపి 45 వేలు కట్టి కదలమన్నారు. డబ్బు తెచ్చేదాకా ఒక పిల్లవాణ్ణి తాకట్టుగా ఉంచమన్నారు. పదేళ్ళయినా నిండని కొడుకును వదిలి ఆ తల్లి డబ్బు కోసం తిరిగింది. తిరిగి వచ్చి అడిగితే పిల్లవాడు పారిపోయాడన్నారు. చివరికి పోలీసులు ఆ బిడ్డ శవాన్ని తమిళనాడులో, కాంచీపురం దగ్గర, పూడ్చిన చోటు నుండి వెలికి తీశారు. అరెస్టులు జరిగాయి. కానీ ఆ తల్లి చేతికి బిడ్డ తిరిగి రాలేదు.

రెండు వృత్తాంతాలూ పక్కపక్కన పెట్టి చూడండి. భర్త పోయిన స్త్రీ, తీరని అప్పు, అప్పు కింద జమ అయిన కొడుకు. రాజులు పోయారు, రాజ్యాంగం వచ్చింది. అయినా బిడ్డలు తాకట్టు పడుతూనే ఉన్నారు.

నేటి సంకెల పేరు అడ్వాన్సు

బానిసత్వం అనగానే మన కళ్ళ ముందు ఇనుప సంకెళ్ళు, కొరడా దెబ్బలు, మనుషుల్ని వేలం వేసే సంతలు మెదులుతాయి. నేటి బానిసకు కాళ్ళకు సంకెళ్ళుండవు. అతని పేరు ఒక పుస్తకంలో రాసి ఉంటుంది. పేరు పక్కన ఒక మొత్తం ఉంటుంది. అది ఎంత పని చేసినా తరగదు.

ఒడిశాలోని బలాంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుండి ఏటా వేలాది కుటుంబాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల ఇటుక బట్టీలకు వస్తాయి. అక్కడ కొత్త బియ్యం పండుగ నువాఖాయి దాటాక, సర్దార్లని పిలిచే మేస్త్రీలు ఊళ్ళలోకి దిగుతారు. అప్పటికి బీదవాడి ఇంట్లో పెళ్ళి ఖర్చో, ఆసుపత్రి ఖర్చో, పాత బాకీయో నెత్తి మీద ఉంటుంది. భర్త, భార్య, ఒక బిడ్డ - ఈ ముగ్గురినీ ఒక జట్టుగా లెక్కగట్టి, జట్టుకు ఇంత అని అడ్వాన్సు చేతిలో పెడతారు. అక్కడి నుండి ఆరేడు నెలలు బట్టీ దగ్గరే బతుకు. మట్టి కలపడం, అచ్చు పోయడం, ఆరబెట్టడం. కూలి రోజుకు కాదు, వెయ్యి ఇటుకలకు ఇంత అని. వారం వారం తిండి ఖర్చుకు కొంత ఇచ్చి, మిగిలింది అడ్వాన్సులో కోసుకుంటారు. లెక్క రాసేది యజమాని మనిషి. చదువు రాని కూలివాడికి ఆ పుస్తకంలో ఏముందో తెలియదు. భాష కాని భాష, ఊరు కాని ఊరు.

అన్ని బట్టీలూ ఇలాంటివే అనడం న్యాయం కాదు. లెక్క సరిగా చూపించి, మిగిలిన కూలి చేతికిచ్చి, రైలెక్కించి పంపే యజమానులూ ఉన్నారు. అడ్వాన్సు ఇవ్వడం ఒక్కటే నేరం కాదు. కానీ 'అప్పు తీరేదాకా గేటు దాటడానికి వీల్లేదు, ఇంకో చోట పని చేయడానికి వీల్లేదు' అన్న క్షణాన ఆ పని బానిసత్వం అయిపోతుంది.

ఆ మాట కాదన్నవారికి ఏమవుతుందో 2013 డిసెంబరులో దేశం చూసింది. అడ్వాన్సు తీసుకున్న కూలీల్లో కొందరు తప్పించుకుపోతే, చేతికి చిక్కిన ఇద్దరు కలహండి జిల్లా కూలీల కుడి చేతులు నరికేశారు. ఆ వార్తను సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది.

బట్టీ మాట వచ్చింది గనుక నిర్గమకాండము తెరుద్దాం. ఐగుప్తులో మన పితరులైన ఇశ్రాయేలీయుల చేత ఫరో చేయించిన వెట్టి ఏమిటి? మట్టి పని, ఇటుకల పని (నిర్గమ 1:14). రోజుకు ఇన్ని ఇటుకలని లెక్క పెట్టారు. గడ్డి ఇవ్వడం మానేసి కూడా లెక్క తగ్గించలేదు. లెక్క తగ్గితే నాయకుల్ని కొట్టారు (నిర్గమ 5). దేవుడు విని దిగివచ్చిన ఆ మొర ఇటుకలు చేసేవారి మొర. ఈ మాట జ్ఞాపకం ఉంటే మన ఊరి చివర పొగ లేచే బట్టీని చూసీ చూడనట్టు దాటిపోలేం.

ఇది ఒక్క మన దేశపు బాధ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, వాక్ ఫ్రీ, అంతర్జాతీయ వలసల సంస్థ కలిసి 2022లో వెలువరించిన అంచనా ప్రకారం 2021లో లోకంలో 4 కోట్ల 96 లక్షల మంది ఆధునిక బానిసత్వంలో ఉన్నారు. వారిలో 2 కోట్ల 76 లక్షల మంది బలవంతపు చాకిరీలో, 2 కోట్ల 20 లక్షల మంది బలవంతపు పెళ్ళిళ్ళలో మగ్గుతున్నారు. ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్ళి, అక్కడ పాస్‌పోర్టులు లాక్కోగా సైబర్ మోసాలు చేయక తప్పని స్థితిలో చిక్కిన తెలుగు కుర్రాళ్ళ గోడు 2024లో విశాఖపట్నం పోలీసుల దర్యాప్తులో బయటపడింది. చోట్లు వేరు, పనులు వేరు. వెళ్ళిపోయే స్వేచ్ఛ లేకపోవడం మాత్రం ఒక్కటే.

దయ కాదు, హక్కు

బీదల మీద జాలిపడమని మన సంఘాల్లో తరచుగా బోధిస్తాం. అది మంచిదే. కానీ బానిసత్వం దగ్గర జాలి చాలదు. ఇక్కడ మాట్లాడవలసింది హక్కు గురించి. దేవుడు నరుణ్ణి తన స్వరూపంలో చేశాడని మొదటి అధ్యాయమే చెబుతుంది (ఆది 1:27). దేవుని స్వరూపాన్ని తాకట్టు పెట్టుకునే అధికారం ఏ మనిషికీ లేదు. మనిషిని దొంగిలించి అమ్మినవాడికి మోషే ధర్మశాస్త్రం మరణశిక్ష విధించింది (నిర్గమ 21:16). యజమాని దగ్గర నుండి తప్పించుకు వచ్చిన దాసుణ్ణి తిరిగి అప్పగించవద్దని ఆజ్ఞాపించింది (ద్వితీ 23:15-16). పౌలు భక్తిహీనుల జాబితా రాస్తూ మనుషుల్ని ఎత్తుకుపోయి అమ్మేవారిని నరహంతకుల వరుసలోనే చేర్చాడు (1 తిమోతి 1:9-10).

'బైబిల్లో దాసులున్నారు కదా, దాసులు లోబడి ఉండాలని రాసి ఉంది కదా' అని కొందరు అడుగుతారు. ఆ మాటలు పట్టుకుని అమెరికాలో, కరీబియన్ దీవుల్లో క్రైస్తవులు శతాబ్దాలపాటు నీగ్రోలని పిలిచిన ఆఫ్రికా ప్రజల్ని కొని అమ్మారన్నది దాచలేని చరిత్ర. వారు ఒక వాక్యం చదివి నిర్గమకాండము మొత్తం మూసిపెట్టారు. దాసులున్న లోకంలో వ్రాయబడిన గ్రంథం దాస్యాన్ని మెచ్చుకున్నట్టు కాదు. ఇశ్రాయేలు దేవుడు తన పేరు చెప్పుకున్నదే దాసుల ఇంటి నుండి మిమ్మల్ని రప్పించినవాణ్ణి అని.

మన దేశపు చట్టం కూడా దీన్ని హక్కుగానే చూసింది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలో 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్నీ, వెట్టినీ, ఇతర బలవంతపు చాకిరీనీ నిషేధించింది. అది ప్రాథమిక హక్కు. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవ హక్కుల ప్రకటనలో 4వ అధికరణం చెప్పేదీ ఇదే. 1976లో పార్లమెంటు వెట్టిచాకిరీ పద్ధతి నిర్మూలన చట్టం చేసింది. దేశంలో ఏయే పేర్లతో ఈ పద్ధతి నడుస్తుందో ఆ చట్టంలో ఒక జాబితా ఉంది. అందులో జీత, భగేలా, పాలేరు, వెట్టి అనే మాటలు కనిపిస్తాయి. అవి మన ఊళ్ళ మాటలు. జీతానికి పెట్టిన పిల్లవాడు, తాత చేసిన అప్పుకు మనవడు కూడా దొర ఇంట పాలేరుగా ఉండటం మన పెద్దలు కళ్ళారా చూసిన సంగతి.

ఆ చట్టంలోని మూడు మాటలు ప్రతి విశ్వాసికీ తెలిసి ఉండాలి. మొదటిది, వెట్టికి కారణమైన అప్పు చట్టరీత్యా రద్దయిపోయింది. దాన్ని తీర్చనక్కరలేదు, వసూలు చేయడమే నేరం. రెండవది, అప్పు పేరుతో వెట్టి చేయించుకుంటున్నారని కూలివాడు చెబితే, అలా కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత అప్పిచ్చినవాడిది. మూడవది, విడుదలైన కూలివాడు ఉంటున్న ఇంటి నుండి అతణ్ణి వెళ్ళగొట్టకూడదు. వెట్టి చేయించినవారికి మూడేళ్ళ వరకు జైలు శిక్ష ఉంది.

'అడ్వాన్సు తీసుకున్నది వాడే కదా, వాణ్ణి ఎవరు బలవంతపెట్టారు?' అనే మాట మన ప్రార్థన మందిరాల్లో కూడా వినబడుతుంది. దీనికి సుప్రీంకోర్టు 1982లోనే జవాబిచ్చింది. ఢిల్లీలో ఆసియా క్రీడల నిర్మాణాల్లో పని చేసిన కూలీల కేసు అది. కత్తి చూపించి చేయించుకుంటేనే బలవంతం కాదు, ఆకలి, దారిద్ర్యం వల్ల వేరే గతి లేక చేసే పనీ బలవంతమే. కనీస వేతనం కన్నా తక్కువకు ఎవరైనా పని చేస్తున్నాడంటే అది 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని న్యాయమూర్తి పి.ఎన్. భగవతి తీర్పు చెప్పారు. కోత కోసిన పనివారికి ఇవ్వక బిగబట్టిన కూలి దేవుని చెవుల్లో మొరపెడుతుందని యాకోబు రాసిన మాట (యాకోబు 5:4) ఈ తీర్పు పక్కన పెట్టి చదువుకోవచ్చు.

విడుదల పొందీ మళ్ళీ అక్కడికే

అసలు విషయం ఇక్కడే ఉంది. చట్టం ఉంది, తీర్పులున్నాయి, అప్పుడప్పుడు అధికారులు వెళ్ళి కుటుంబాల్ని విడిపిస్తున్నారు. అయినా బానిసత్వం ఎందుకు పోలేదు? విడిపించినవారిని వట్టి చేతులతో పంపించేస్తున్నాం గనుక.

యిర్మీయా 34వ అధ్యాయం మన పుల్పిట్ల మీద అరుదుగా వినిపిస్తుంది. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించిన రోజుల్లో సిద్కియా రాజు, ప్రధానులు, ప్రజలు దేవుని ఎదుట నిబంధన చేసి తమ హెబ్రీ దాసులందరినీ విడిచిపెట్టారు. ముట్టడి కాస్త సడలింది. వెంటనే మనసు మార్చుకుని, విడిచినవారినే మళ్ళీ పట్టుకుని దాసుల్ని చేసుకున్నారు. నిబంధనను తెంచినందుకు దేవుడు ఆ పట్టణాన్ని శత్రువు చేతికి అప్పగిస్తానన్నాడు. విడుదలైనవారు అంత త్వరగా ఎలా దొరికిపోయారు? వారికి పొలం లేదు, పశువు లేదు, తిండి గింజలు లేవు. ఎక్కడికి పోతారు? అన్నం ఉన్న గుమ్మం దగ్గరకే తిరిగి వస్తారు.

దేవుడు ఇది ముందే ఎరిగి ధర్మశాస్త్రంలో ఒక మాట పెట్టాడు. ఏడవ ఏట దాసుణ్ణి విడిచిపెట్టేటప్పుడు వట్టి చేతులతో పంపవద్దని, మందలో నుండి, కళ్ళంలో నుండి, ద్రాక్ష గానుగలో నుండి ఉదారంగా ఇచ్చి పంపమని ఆజ్ఞ (ద్వితీ 15:13-14). ఇక్కడ 'వట్టి చేతులతో' అన్న మాటకు హెబ్రీలో 'రేకాం' అనే పదం ఉంది. ఐగుప్తు విడిచి వెళ్ళేటప్పుడు మీరు వట్టి చేతులతో వెళ్ళరని దేవుడు మోషేతో చెప్పిన చోట కూడా (నిర్గమ 3:21) ఇదే పదం. దేవుడు తన ప్రజల్ని ఎలా విడిపించాడో, వారు తమ దాసుల్ని అలాగే విడిపించాలి. చేతిలో ఏమీ పెట్టకుండా గేటు తీసి పొమ్మనడం దేవుని దృష్టిలో విడుదల కాదు.

ఈ ఆజ్ఞ మరచిన ఫలితం చరిత్రలో కనబడుతుంది. విలియం విల్బర్‌ఫోర్స్ మొదలైన భక్తుల పోరాటం వల్ల బ్రిటన్ 1807లో బానిసల వ్యాపారాన్ని, 1833లో తన వలసల్లో చాలా వాటిలో బానిసత్వాన్ని రద్దు చేసింది. అది గొప్ప కార్యం. కానీ ఆ చట్టం 2 కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించింది బానిసలకు కాదు, యజమానులకు. అందుకోసం చేసిన అప్పు తీరేసరికి 2015 వచ్చింది. విడుదలైన సుమారు 8 లక్షల మందికి ఒక్క పౌను ఇవ్వలేదు. పైగా 1838 దాకా పాత యజమానుల దగ్గరే 'అప్రెంటిసులు'గా చాకిరీ చేయించారు. మారిషస్ చెరకు తోటల్లో వారి స్థానంలోకి ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కినవారిలో కోరంగి, విశాఖపట్నం రేవుల నుండి వెళ్ళిన మన తెలుగువారూ ఉన్నారు. ఇక మన దేశంలో 1843 చట్టంతో బానిసత్వం కాగితం మీద చెల్లకుండా పోయింది. భూమి లేనివాడు మాత్రం అప్పు పత్రం మీద వేలిముద్ర వేసి మళ్ళీ అదే దొర దగ్గర నిలబడ్డాడు.

స్వతంత్ర భారతంలో కూడా ఇదే జరిగింది. హర్యానాలోని ఫరీదాబాద్ రాతి క్వారీల నుండి విడుదలై మధ్యప్రదేశ్‌లోని తమ ఊళ్ళకు చేరిన కూలీలకు నెలలు గడిచినా ఏ సాయమూ అందలేదని ఒక పాత్రికేయురాలు సుప్రీంకోర్టుకు లేఖ రాశారు. 1984లో తీర్పు చెబుతూ, పునరావాసం లేకపోతే విడుదలైనవారు ఆకలికి తాళలేక మళ్ళీ వెట్టిలోకే జారిపోతారని, గుర్తించడం, విడిపించడం, పునరావాసం కల్పించడం మూడూ చట్టం ఉద్దేశమేనని కోర్టు స్పష్టం చేసింది. ద్వితీయోపదేశకాండము చెప్పిందే న్యాయస్థానమూ చెప్పింది.

2016 నుండి అమలులో ఉన్న కేంద్ర పథకం ప్రకారం విడుదలైన పురుషుడికి లక్ష రూపాయలు, స్త్రీలకు, పిల్లలకు 2 లక్షలు, మరీ ఘోరమైన దోపిడీకి గురైనవారికి 3 లక్షలు పునరావాస సాయం ఉంది. తక్షణ సాయం మొదట 20 వేలు ఉండేది, తర్వాత 30 వేల వరకు పెంచారు. అయితే పూర్తి మొత్తం యజమాని మీద కేసు తేలడంతో ముడిపడి ఉంది. కేసు ఏళ్ళ తరబడి సాగుతుంది. వీటన్నిటికీ మూలమైనది విడుదల ధ్రువపత్రం. కలెక్టరో, ఆర్డీవోనో ఇచ్చే ఆ ఒక్క కాగితం లేకుండా కుటుంబాన్ని రాత్రికి రాత్రి రైలెక్కిస్తే, కాపాడినట్టే ఉంటుంది గానీ అప్పు రద్దయినట్టు సాక్ష్యం ఉండదు, సాయం అడగడానికి ఆధారం ఉండదు. వచ్చే ఏడు అదే మేస్త్రీ అదే గడప తొక్కుతాడు.

2030 నాటికి 1 కోటి 84 లక్షల మందిని విడిపించి పునరావాసం కల్పిస్తామని 2016లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. 1978 నుండి పునరావాసం పొందినవారు ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు 3 లక్షల మంది. కోత విస్తారం, పనివారు కొద్దిమంది అన్న ప్రభువు మాట ఇక్కడ గుర్తొస్తుంది.

సంఘం ఏమి చేయగలదు?

మన నేల మీద దీనికి మంచి మాదిరులున్నాయి. 1876-78 నాటి గొప్ప కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం తానే కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవారికి పని, న్యాయమైన కూలి దొరకాలని, మధ్యవారు వారిని దోచుకోకూడదని ఆయన తలంపు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపి ఉంచారు. 1878 జూలైలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మనం గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందున్న కూలి లెక్క కూడా చెప్పుకోవాలి.

తెలుగు గ్రామాల్లో జీతగాళ్ళ విడుదల కోసం పాటుపడిన ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్‌ను, పనిలో మగ్గే పిల్లల్ని బడికి చేర్చిన కృషికి 2003లో మెగసెసే పురస్కారం అందుకున్న ప్రొఫెసర్ శాంతా సిన్హాను కూడా కృతజ్ఞతతో తలచుకోవాలి. బడిలో కూర్చున్న పిల్లవాణ్ణి తాకట్టు పెట్టడం కష్టమని వారి పని రుజువు చేసింది.

ఇప్పుడు మన వంతు. మొదటిది మన ఇల్లు మనం చూసుకోవడం. నెహెమ్యా కాలంలో బీదలు పొలాలు తాకట్టు పెట్టి, చివరకు కొడుకుల్ని కూతుళ్ళను దాస్యానికి అప్పగించారు. వారికి అప్పిచ్చింది పరదేశులు కాదు, సాటి యూదులే. నెహెమ్యా పెద్దలందరినీ సభ పిలిచి నిలదీశాడు. పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు తిరిగి ఇప్పించాడు. వడ్డీగా లాగిన భాగం కూడా వెనక్కి ఇప్పించాడు (నెహెమ్యా 5). మన సంఘాల్లో నూటికి ఐదు, పది రూపాయల వడ్డీకి తిప్పుతూ అందులో నుండి దశమ భాగం ఇచ్చేవారు లేరా? మందిర నిర్మాణానికి ఇటుక కొనేటప్పుడు ధర ఎంత అని అడుగుతాం, ఆ ఇటుక కోసినవాడికి కూలి ముట్టిందా అని అడుగుతున్నామా? మన ఇళ్ళలో అంట్లు తోమే చిన్నపిల్ల తండ్రికి అడ్వాన్సు ఇచ్చి, ఆ పిల్లను బడికి దూరం చేసిన కుటుంబాలు లేవా? ఈ ప్రశ్నలు సంఘ పెద్దల సమావేశంలో అడగవలసినవి.

రెండవది, తెలిసినప్పుడు మౌనంగా ఉండకపోవడం. నోరు లేనివారి పక్షాన నోరు తెరవమని సామెతలు 31వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. అయితే ఆవేశంతో నలుగురు యువకులు వెళ్ళి బట్టీ మీద పడటం తగదు. అలా చేస్తే ఆ రాత్రే కుటుంబాల్ని లారీ ఎక్కించి ఇంకో చోటికి తరలిస్తారు, దెబ్బలు తినేది కూలీలే. ఎక్కడ, ఎంతమంది, ఏ జిల్లా నుండి వచ్చారు, అడ్వాన్సు ఎంత, బయటికి వెళ్ళనిస్తున్నారా లేదా - ఈ వివరాలు రాసి కలెక్టరుకు, ఆర్డీవోకు లిఖితపూర్వకంగా ఇవ్వాలి. జిల్లాలో విజిలెన్స్ కమిటీ ఉండాలని చట్టమే చెబుతోంది, అది కూర్చుంటోందా అని అడగాలి. న్యాయసేవా సంస్థను 15100 నంబరులో, పిల్లల విషయమైతే 1098లో, ప్రాణాపాయమైతే 112లో పిలవవచ్చు. ఒడియా తెలిసిన మనిషిని వెంట ఉంచాలి. యజమాని ఎదుట ప్రశ్నిస్తే కూలివాడు నిజం చెప్పలేడు.

మూడవది, అందరికన్నా సంఘమే బాగా చేయగలిగినది - చివరిదాకా వెంట ఉండటం. ధ్రువపత్రం చేతికి వచ్చిందా? బాకీ కూలి లెక్క కట్టారా? బ్యాంకు ఖాతా తెరిచారా? రేషన్ కార్డు ఉందా? పిల్లలు బడిలో చేరారా? కేసు వాయిదాకు సాక్షి రావడానికి బస్సు ఛార్జీ ఉందా? అధికారులు బదిలీ అవుతారు, పత్రికలు ఇంకో వార్తకు వెళ్తాయి. సంఘం అదే ఊళ్ళో ఉంటుంది. ఒడిశాలోనూ సంఘాలున్నాయి, ఇక్కడి నుండి ఒక ఫోను చేస్తే అక్కడ ఒక కాపరి ఆ కుటుంబాన్ని కలుసుకోగలడు. ప్రతి సంఘం వడ్డీ లేని చిన్న సహాయ నిధి పెట్టుకోవచ్చు. ఆసుపత్రి ఖర్చుకు పదివేలు దొరికిన ఇంటికి మేస్త్రీ అడ్వాన్సుతో పని ఉండదు. బీదవాడికి అప్పిస్తే వడ్డీ తీసుకోవద్దన్న ఆజ్ఞ (నిర్గమ 22:25) ఎందుకిచ్చాడో అప్పుడు మనకు బోధపడుతుంది.

ఇది భారమైన పనే. కానీ పౌలు ఒనేసిమును ఫిలేమోను దగ్గరకు పంపేటప్పుడు చేసినది ఇదే. సహోదరునిగా చేర్చుకొమ్మని బతిమాలి ఊరుకోలేదు. అతని బాకీ ఏమైనా ఉంటే తన లెక్కలో వేసుకొమ్మని స్వహస్తంతో రాసి ఇచ్చాడు. చెరసాలలో ఉన్న మనిషి ఇంకొకరి అప్పు తన మీద వేసుకున్నాడు. మన రక్షకుడు మన విషయంలో చేసినదీ అదే గనుక పౌలుకు ఆ ధైర్యం వచ్చింది.

ఎలీషా ఆ విధవరాలికి చెప్పిన చివరి మాటలో రెండు భాగాలున్నాయి. నూనె అమ్మి అప్పు తీర్చుకో, మిగిలినదానితో నీవూ నీ పిల్లలూ బ్రదకండి అన్నాడు. మొదటి భాగంతో ఆగలేదు. ఆ మేలులో ఊరివారికీ పాలు ఉంది. వారు పాత్రలు అరువిచ్చారు. ఎన్ని పాత్రలు వచ్చాయో అంత నూనె దొరికింది.

ఐక్యరాజ్యసమితి బానిసత్వ నిర్మూలన దినంగా పాటించే డిసెంబరు 2వ తేదీ, మనం ఆగమన కాలంలో అడుగుపెట్టే రోజుల్లోనే వస్తుంది. చెరలో ఉన్నవారికి విడుదల ప్రకటించడానికి వచ్చిన ప్రభువు జన్మదినానికి మనం సిద్ధపడే ఆ వారాల్లోనే బట్టీల దగ్గర కొత్త జట్లు గుడిసెలు వేసుకుంటాయి. ఈ ఏడు స్తోత్రగీతాల బృందం వెళ్ళే వీధుల జాబితాలో ఊరి చివరి బట్టీని కూడా చేర్చుకుందాం. పాటతో పాటు ఒక ఒడియా తెలిసిన సహోదరుణ్ణి, ఒక నోటు పుస్తకాన్ని తీసుకువెళ్దాం. పేర్లు అడుగుదాం, పిల్లల వయసులు అడుగుదాం. వేసవి చివర బట్టీ మూసే రోజున మళ్ళీ వెళ్ళి, వారు లెక్క తేల్చుకుని తమ కూలి చేతపట్టుకుని ఇంటికి బయలుదేరారో లేదో చూద్దాం.